మూడు కోర్‌లు ఎక్కడ?

మా ఆయన రఘువీర్‌ని అందరూ మంచివాడంటారు. పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్‌లలో ఎవరి ల్యాప్‌టాప్‌కి జబ్బు చేసినా ముందు మా తలుపే కొడతారు. ఒక మందుల కంపెనీలో లినక్స్ సర్వర్లు చూసుకోవడం అతని ఉద్యోగం. మాట మెత్తన, ముఖాన ఎప్పుడూ నవ్వు. నేనేమో కోపిష్టిదాన్ని. ఈ సంగతి మా పెళ్లినాడే రెండు వైపుల చుట్టాలూ తేల్చేశారు. అందుకే నేను ఇప్పుడు చెప్పబోయేది విన్నాక కూడా సగంమంది అతని పక్కనే నిలబడతారని నాకు తెలుసు. నిలబడితే నిలబడనీ.

2010 ఏప్రిల్. నాది సివిల్‌లో ఎమ్మెస్, ఆఖరి సెమిస్టర్. గాలి వీచినప్పుడు పొడుగాటి వంతెన ఎలా ఊగుతుందో లెక్కగట్టడం నా థీసిస్. గురువారం పొద్దున్నకి ఫలితాలు తన చేతిలో పెడితేనే డిఫెన్స్‌కి, అంటే థీసిస్ కమిటీ ముందు జరిగే ఆఖరి పరీక్షకి, కూర్చోనిస్తానని మా ప్రొఫెసర్ హాలోరన్ ముందే చెప్పేశారు. ఆ తేదీ తప్పితే కమిటీలో వాళ్లంతా వేసవికి తలో దిక్కూ పోతారు. ఇక డిఫెన్స్ ఫాల్ సెమిస్టర్‌లోనే, నా డిగ్రీ చలికాలం మాటే.

లాబ్‌లో మెషీన్లు ఎప్పుడూ ఖాళీ ఉండవు కాబట్టి నా లెక్కలన్నీ ఇంట్లో డెస్క్‌టాప్ మీదే నడిపేదాన్ని. దాని ప్రాసెసర్‌లో నాలుగు కోర్‌లు ఉంటాయి. నా ప్రోగ్రామ్ పనిని నాలుగు ముక్కలు చేసి వాటికి పంచుతుంది. నలుగురు కలిసి పప్పు రుబ్బినట్టు గబగబా అయిపోయేది. అలాంటిది గడువుకి ముందు వారం మొదటినుంచీ నత్తనడక నడుస్తోంది. ఏమైందా అని చూస్తే, నాలుగు కోర్‌లు ఉండాల్సిన చోట, మెషీన్‌ని నడిపే లినక్స్ ఒక్కటే ఉందంటోంది. మిగతా మూడూ ఏమయ్యాయో చెప్పదు.

ఇంట్లో లినక్స్ పండితుణ్ణి పెట్టుకుని ఎక్కడికో పోవడం ఎందుకని రఘునే అడిగాను.

"మదర్‌బోర్డ్ పోయుంటుంది దీపూ. హార్డ్‌వేర్ కదా, ఏం చెప్పగలం?" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

సరే అని పెట్టె విప్పాను. దుమ్ము ఊదాను. ప్రాసెసర్ తీసి, తుడిచి, మళ్లీ కూర్చోబెట్టాను. అంతసేపూ రఘు పక్కనే నిలబడి టార్చ్ పట్టుకున్నాడు. "జాగ్రత్త, పిన్నులు వంగుతాయి" అని కూడా అన్నాడు. మెషీన్ ఆన్ చేస్తే, లినక్స్ కంటే ముందు లేచే బయోస్‌లో నాలుగు కోర్‌లూ శుభ్రంగా కనిపించాయి. లినక్స్‌లోకి వస్తే మళ్లీ ఒక్కటే. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మార్చి కొత్తది ఎక్కించాను. ఒక్కటే. బయోస్‌కి కనబడేవి లినక్స్‌కి ఎందుకు కనబడవు? ఈ ముక్కే రఘుని అడిగితే, "కొన్నిసార్లు అంతే" అన్నాడు. సర్వర్లు చూసుకునేవాడు అనాల్సిన మాటా అది! అప్పుడే అనుమానం రావాల్సింది. మొగుణ్ణి కాక మెషీన్‌నే అనుమానించాను.

శుక్రవారం సాయంత్రం టీ చేసి తెచ్చి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఎందుకంత టెన్షన్? ఫాల్‌కి పోస్ట్‌పోన్ చేసుకో. ఒక్క సెమిస్టరే కదా" అన్నాడు.

శనివారం పొద్దున ప్రొఫెసర్‌కి మెయిల్ రాశాను. నా కంప్యూటర్‌లో హార్డ్‌వేర్ పాడైంది, ఫలితాలు ఇవ్వలేను, డిఫెన్స్ ఫాల్‌కి మార్చండి అని. పంపించేసి బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుపు కంటే సిగ్గే ఎక్కువ. రెండేళ్లు చదివి, వంతెన ఎందుకు కూలుతుందో చెప్పగలిగి, నా ముందున్న పెట్టె ఎందుకు పనిచేయదో చెప్పలేకపోయాను.

ముఖం కడుక్కుని వచ్చేసరికి, అంతకుముందు నేను ఒక లినక్స్ ఫోరంలో పెట్టిన ప్రశ్నకి జవాబు వచ్చి ఉంది. మెషీన్ లేచేటప్పుడు కెర్నల్‌కి ఏ ఆదేశాలు అందుతున్నాయో చూశావా అని అడిగాడు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి. చూడలేదు. అప్పుడు చూశాను. ఆ వరస చివర్న ఉంది: maxcpus=1. అంటే ఒక్క కోర్‌నే వాడు, మిగతావాటి జోలికి పోకు అని. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

ఆ వరస అతికించి పంపగానే ఫోరం మనిషి మళ్లీ రాశాడు. "నీ మెషీన్‌కి ఏ రోగమూ లేదు. ఎవరో చెప్పినట్టు వింటోంది, అంతే. ఆ చెప్పింది ఎవరు?"

ఆ మెషీన్ పాస్‌వర్డ్ తెలిసింది ఇద్దరికే. నేను రాయలేదు.

రఘు వంటింట్లో దోసె తిప్పుతున్నాడు. నాకు కోపమొస్తే ఎమ్మెస్ భాష పోయి వరంగల్ భాష వస్తుంది.

"మ్యాక్స్ సీపీయూస్ వన్ అని నువ్వే రాసినవా?"

అట్లకాడ ఆగిపోయింది. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. అబద్ధమాడి ఉంటే కూడా అంత మండేది కాదేమో.

"అది... వర్క్ ఫ్రమ్ హోమ్ రోజు, దీపూ. నాలుగు కోర్‌ల మీదా నీ రన్ నడుస్తుంటే ఫ్యాన్ ఎంత సౌండ్ చేస్తుందో తెలుసుగా. ఆఫీస్ కాల్‌లో అందరూ, వ్యాక్యూమ్ క్లీనరా అని అడుగుతున్నారు. ఆ ఒక్క రోజుకే అనుకున్నా. తర్వాత మర్చిపోయా."

"మర్చిపోతే, నేను అడిగిననాడు యాదికొచ్చింది గదా?"

"వచ్చింది."

"మరి నాతోని పెట్టె ఎందుకు విప్పించినవ్? టార్చ్ ఎందుకు పట్టినవ్?"

"అప్పటికే నువ్వు కోపంగా ఉన్నావ్. చెప్తే ఫీలవుతావని..."

ఫీలవుతావని! అరికాలి మంట నెత్తికెక్కింది. మన భాషలో ఈ మాట ఎవరు తెచ్చిపెట్టారో గానీ, వాళ్లకి దండం. మోసం చేసినవాడు దోషి కాడట, తెలిసి బాధపడేదే దోషి అట. వీడు నా డిగ్రీ ఆపేస్తాడు, నేను మాత్రం ఫీలవ్వకూడదు. డిఫెన్స్ వాయిదా వేసుకోమని టీ కప్పు చేతిలో పెట్టి మరీ సలహా ఇచ్చినప్పుడు కూడా వీడికి నోరు రాలేదు. స్టవ్ మీద దోసె మాడుతోంది. మాడనిచ్చాను.

ముందు ఆ maxcpus మాట చెరిపేసి మెషీన్‌ని మళ్లీ లేపాను. నాలుగు కోర్‌లూ వచ్చాయి. రన్ మొదలుపెట్టాను. ఇలా నడిస్తే బుధవారానికే లెక్క తేలిపోతుంది. కానీ తేదీ వద్దని పొద్దున నా చేత్తోనే రాశాను కదా. అందుకే ప్రొఫెసర్‌కి ఇంకో మెయిల్ మొదలుపెట్టాను.

రఘు నా వెనకే నిలబడి స్క్రీన్ చదువుతున్నాడు. "ఇదేంటి? నా భర్త అని రాస్తున్నావేంటి?"

"మరి ఎవరు చేసిండ్రు?"

"హార్డ్‌వేర్ ప్రాబ్లం ఫిక్స్ అయింది అని రాయి చాలు. ఆయనకి మన ఇంటి విషయాలెందుకు? ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు."

"హార్డ్‌వేర్‌కి ప్రాబ్లం లేకుండె. పొద్దున తెల్వక అబద్ధం రాసిన. ఇప్పుడు తెలిసి రాయమంటవా?"

"ప్లీజ్, దీపూ. నా పరువు పోతుంది."

నా డిగ్రీ పోతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మనిషికి పరువు అనగానే ప్లీజ్ గుర్తొచ్చింది. ఆ ప్లీజ్ విని నాకు జాలి రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. రాసింది రాసినట్టే ఉంచాను: కంప్యూటర్ పాడవలేదు, చప్పుడు ఎక్కువగా ఉందని నా భర్త మూడు కోర్‌లు ఆపేసి నాకు చెప్పలేదు, నాకు నా తేదీ తిరిగి కావాలి. సెండ్ నొక్కాను.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. కమిటీకి ఇంకా చెప్పలేదు, తేదీ నీదే, గురువారం పొద్దున ఫలితాలతో రా అని రాశారు. మా ఇంటి సంగతి గురించి ఒక్క ముక్కా లేదు. కుర్చీలో వెనక్కి వాలిపోయాను.

రఘు నాకంటే ముందు తేరుకున్నాడు. "చూశావా, ఏమీ కాలేదు. అనవసరంగా ఆ లైన్ రాశావ్."

నేను ఫలితాల ఫైల్ తెరిచి, అప్పటిదాకా వచ్చిన అంకెలు సరిచూడటం మొదలుపెట్టాను. అతను కాసేపు అక్కడే తచ్చాడి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముఖాన ఆ నవ్వు లేదు. పెళ్లయ్యాక మొదటిసారి చూశాను అతణ్ణి నవ్వు లేకుండా.

"బయటివాళ్ల దగ్గర నన్ను అలా... నేను నిజంగా ఫీలయ్యాను, దీపూ."

"ఫీలవ్వు, రఘూ" అన్నాను. "నాకు పనుంది."