ఆడపడుచు పరామర్శ

మూడో కీమో అయ్యాక మంగాయమ్మకి తెల్లకణాలు బాగా పడిపోయాయి. శుక్రవారం నాలుగోది ఎక్కించాలంటే ఈలోపు జ్వరం రాకూడదు, ఎవరినీ మంచం దాకా రానివ్వకండి అని డాక్టరు గట్టిగా చెప్పింది. మొగుడు గంగరాజు ఆ మాట పట్టుకుని వీధి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మనిషికి బాగోలేదంటే చూడకుండా ఉండే ఊరా అది! బ్రెడ్డు ప్యాకెట్లూ బత్తాయిలూ పట్టుకుని ఒకరి వెనక ఒకరు దిగబడ్డారు. పేరుకి పరామర్శ. జుట్టు ఊడిన తల ఎలా ఉందో చూసి వెళ్ళాలి, అంతే.

"ఒక్కసారి కనపడి వచ్చేస్తామండీ."

"కుదరదండీ."

"గుమ్మంలోంచేనండీ."

"పడుకుందండీ."

అండీ మానలేదు, గేటూ తీయలేదు. గంగరాజుకి పొగరెక్కిందని కొబ్బరి దింపుల దగ్గర కూడా అనుకున్నారు. అనుకోనీ. ఇంట్లో కోడలు కావ్య ప్రతి గిన్నెనీ నీళ్ళలో మరిగించి అత్తగారికి జావ కాచి పెడుతోంది. కొడుకు వెంకటకృష్ణ పొలం నుంచి వస్తే దొడ్లో స్నానం చేసిగాని లోపలికి రావడం లేదు.

ఆదివారం ఆటో ఆగింది. రామచంద్రపురం నుంచి గంగరాజు అక్క సత్యనారాయణమ్మ. దిగుతూనే దగ్గింది.

"జలుబు చేసిందా అక్కా?"

"ఎండన పడొచ్చేనురా. ఏం, అడ్డంగా నిలబడ్డావు?"

"డాక్టరు ఎవర్నీ..."

"ఎవర్నీ అంటే ఊళ్ళోవాళ్ళని. నేనీ ఇంటి ఆడపిల్లని. నన్ను వీధిలో నిలబెడతావట్రా? నాన్నుంటే అనేవాడివా ఈ మాట?"

ఆడపడుచుని గుమ్మంలో ఆపితే ఇంటికి అరిష్టమని ఆ ఇంట్లో అందరూ వింటూ పెరిగినవాళ్ళే. మాస్కన్నా పెట్టుకోమన్నాడు. "నేనేమన్నా దొంగనా?" అంది.

లోపలి నుంచి మంగాయమ్మ నీరసంగా, "వదినగారేనా? రానివ్వండి, బాగోదు" అంది.

ఊరందరినీ ఆపినవాడు పక్కకి జరిగాడు.

ఆవిడ నేరుగా వెళ్ళి మంచం మీదే కూర్చుంది. మరదలి తల ఒళ్ళో పెట్టుకుని, "ఎలా ఉండేదానివే తల్లీ!" అని ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అదే కొంగుతో మరదలి మొహం తుడిచింది. కావ్య మామగారి వైపు చూసింది. గంగరాజు నేల చూశాడు.

గురువారానికి మంగాయమ్మ ఒళ్ళు కాలిపోయింది. కీమో ఎక్కించాల్సిన ఆస్పత్రిలోనే జ్వరానికి సెలైను పెట్టారు. నాలుగోది ఎప్పుడండీ అని అడిగితే, ముందు ఇది తగ్గనివ్వండి అంది డాక్టరు, మొహం చూడకుండా.

గంగరాజు ఆస్పత్రి వరండాలో ఉండగా అక్క ఫోను చేసింది.

"జ్వరమటగా! మీ కోడలు చన్నీళ్ళు పోసిందేమిట్రా? ఈ కాలం పిల్లలకేం తెలుసు?"

పక్కనే ఉన్న కావ్యకి ఆ గొంతు బాగానే వినపడింది. తల దించుకుంది.

"కోడలు కాదక్కా. నీ దగ్గు. నీ కొంగు."

"ఏవిట్రా?"

"రోగం పట్టుకొచ్చేవు. చూస్తూ చూస్తూ రానిచ్చేను. ఇద్దరం కలిసే చేసేం."



"అంత మాటన్నాక నీ గడప తొక్కను. నేను చచ్చినా నువ్వు రాకు."

"మామయ్యగారూ, వద్దండీ. సర్దిచెప్పండి" అంది కావ్య.

"ఆయ్, అలాగే అక్కా" అన్నాడు గంగరాజు, ఫోనులోకే.

లోపల మంగాయమ్మ దగ్గుతోంది. లేచి వెళ్ళాడు.