పోయేవాళ్ళకి దారి

గిన్నెలు కడుగుతూ లినెట్ టొమాటోల గురించి ఆలోచిస్తోంది. అక్టోబరు చివర్లో హోబర్ట్‌లో వ్యవసాయ ప్రదర్శన జరిగే షో డే దాటితే గానీ టాస్మేనియాలో ఎవరూ నారు నాటరు. ఆ వారం అమ్మకాల మీదే లినెట్ వాళ్ళ మొక్కల నర్సరీ ఏడాదంతా బతకాలి. అందుకని ఖాతాదారులందరికీ వారం వారం మెయిల్ వెళ్తుంది, షో డే ముందు తప్పకుండా. మట్టి వెచ్చబడిందో లేదో చెప్పులు విప్పి చూడమనీ, నత్తలు పడి చచ్చేలా మూకుడులో బీరు పోసి పెట్టమనీ, కింద "మీ డారిల్" అనీ. డారిల్ ఆమె భర్త. రాసేది ఆమె. అత్తగారు బెరిల్ వాటిని, పచ్చిక మీద బంతులు దొర్లించే ఆటకి వెళ్ళే బౌల్స్ క్లబ్బులో చూపించి, "మావాడికి చిన్నప్పట్నించీ రాత అబ్బింది" అని మురిసిపోయేది. ఆవిడకి ప్రింట్లు తీసిచ్చేది కూడా లినెట్టే.

గాజుగదిలో మొలకలతో మాట్లాడుకుంటూ ఉంటానని ఒకసారి ఏదో మాటవరసకి రాసింది. కింగ్‌స్టన్ నుంచి మర్నా అనే ఆవిడ, మొగుడు పోయినావిడ, జవాబిచ్చింది: "డారిల్ గారూ, మీరూ ఒంటరేనా?" డారిల్ పేరుతో దానికేం రాయాలో లినెట్‌కి తోచలేదు. ఆ మెయిల్ జవాబు లేకుండా అలాగే ఉండిపోయింది.

ఈసారి డారిల్ బౌల్స్ క్లబ్బు నుంచి, గెలిచినవాళ్ళకి పళ్ళెం నిండా మాంసం ఇచ్చే లాటరీ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. చీటీల మీద పేర్లు, మెయిల్ చిరునామాలు.

"వీళ్ళందర్నీ మన లిస్టులో ఎక్కించెయ్ లిన్."

"వీళ్ళు మనల్ని రాయమనలేదు కదా."

"వద్దనీ అనలేదుగా."

ఎక్కించింది. గొర్రె ముక్కలకి ఆశపడ్డవాళ్ళకి నత్తల గురించి ఉత్తరం వెళ్ళింది. వాళ్ళు స్పామ్ అని నొక్కారు, నొక్కిన ప్రతిదీ ఒక ఫిర్యాదు కింద లెక్క. మెయిళ్ళు పంపిపెట్టే కంపెనీ హెచ్చరించింది: ఫిర్యాదులు వెయ్యి మెయిళ్ళకి ఒకటి దాటకూడదు, మీవి దాటాయి, ఇంకోసారి దాటితే ఖాతా మూసేస్తాం. షో డే వారం రోజుల్లో ఉంది.

"లాటరీ వాళ్ళని తీసేద్దాం," అంది లినెట్. "మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళు నొక్కే మీట పైనే పెడదాం, కనపడేట్టు. అడుగున చీమ తలకాయంత పెట్టించావు. అది దొరక్క స్పామ్ నొక్కుతున్నారు."

"పోయేవాళ్ళకి మనమే దారి చూపించాలా? బాగుంది వ్యాపారం. తిట్టినవాళ్ళకి సారీ అని ఒకటి కొట్టు, సరిపోతుంది."

"ఫిర్యాదు చేసినవాళ్ళకి సారీ కూడా పంపకూడదు. వాళ్ళకి అదీ స్పామే."

"నువ్వూ నీ కంప్యూటరూ. టీ పెట్టావా?"

టీ పెట్టింది. తర్వాత అతన్ని అడక్కుండానే లాటరీ పేర్లన్నీ తీసేసింది. మర్నాడు పొద్దున పాత లిస్టులో వాళ్ళకే, మొదట్నించీ అందులో ఉన్న డారిల్‌తో సహా, మామూలు వారం మెయిల్ పంపింది. టోస్టు నములుతున్న డారిల్ ఫోన్ మోగింది. కళ్ళు చిట్లించి చూశాడు.

"వారం వారం ఇదొక దోమ," అని బొటనవేలితో నొక్కేశాడు.

స్పామ్‌లో వేశాడని ఆమె చూసింది. "అది మనదే."

"మనదైతే మాత్రం? నేను రాసిన ఉత్తరం నేనే చదువుకోవాలా?"

వేళాకోళం కాదు. అవి తను రాసినవేనని నిజంగానే అనుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ అతనికి ఎదురుగా చెప్పలేనివి కొన్ని ఆ మెయిళ్ళలో నత్తల మధ్యా, ఎరువుల మధ్యా ఇరికించి పంపింది. ఎవరు చదవకపోయినా ఇంట్లో ఒకరు చదువుతారనుకుంది. అత్తగారు కనీసం ప్రింట్లయినా తీయించుకుంది.

మధ్యాహ్నానికి మెయిళ్ళ కంపెనీ నుంచి ఆ ఫిర్యాదు కాపీ ఆమెకే వచ్చింది, డారిల్ చిరునామాతో. మిగతావాళ్ళని ఎలా తీసేసిందో అతన్నీ అలాగే తీసేసింది. ఎందుకని అడగలేదు, సారీ పంపలేదు. మెయిళ్ళు ఆపుకునే మీట పైకి తెచ్చి పెద్దక్షరాల్లో పెట్టింది. షో డే మెయిల్ కింద "లినెట్" అని రాసి పంపింది.

కొందరు ఆ దారిన మర్యాదగా వెళ్ళిపోయారు. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. నారు ట్రేలు ఖాళీ అయ్యాయి. సంతకం మారిన సంగతి డారిల్‌కి తెలియదు. తెలియడానికి అతనికి మెయిల్ వెళ్ళలేదు.

ఆ సాయంత్రం సోఫాలోంచి అడిగాడు. "ఏంటి లిన్, ఈమధ్య ఏమీ చెప్పట్లేదు?"

"ఫిర్యాదు చేసినవాళ్ళకి మనంగా మళ్ళీ రాయకూడదు. కావాలంటే వాళ్ళే వచ్చి అడగాలి."

లాటరీ వాళ్ళ గురించనుకుని డారిల్ తలూపి, టీవీ శబ్దం పెంచాడు. లినెట్ కంప్యూటర్ ముందు కూర్చుని మర్నా పాత మెయిల్ వెతికి తీసింది. "డారిల్ సంగతి నాకు తెలియదు. ఆ ఉత్తరాలు రాసేది నేను," అని మొదలుపెట్టింది. "అవునండీ, ఒంటరిదాన్నే."