కార్లా దొరసాని ఉప్పుగిన్నె

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో క్షయ ముదిరి పడున్నప్పుడు తనకు సేవచేసి బతికించిన నర్సు కార్లా దొరసాని భోజనానికి పిలిస్తే, బయ్యమ్మ బైరెడ్డిపల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. కిరస్తానం వాళ్ళింట్లో తింటావా అని బంధువులు మూతి విరిచారు. నేను రక్తం కక్కుకునేటప్పుడు గిన్నె పట్టింది మీరా, ఆమా అని అడిగి, వాళ్ళ నోళ్ళు మూయించి మరీ వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదయింది. దొరసాని సొంత దేశం డెన్మార్కు. ఓడలో చోటు దొరికింది, ఎల్లుండే ప్రయాణం. ఇక తిరిగి రాదని ఆస్పత్రిలో అందరూ అనుకుంటున్నారు. అట్లాంటి మనిషిని ఏం చెప్పి సాగనంపాలో బయ్యమ్మకు తోచడం లేదు.

బల్ల మీద వెండి సామాను తళతళలాడుతోంది. పిడి ఉన్న పళ్ళెంలో మూత గల ఆవపిండి గిన్నె, మిరియాల బుడ్డి, లోపల బంగారు పూత పూసిన ఉప్పుగిన్నె. దొరసాని అవ్వకు పెళ్ళిలో పెట్టినవట, నూరేళ్ళ నాటివి. అడుగున ఉన్న వాళ్ళ దేశపు వెండి గుర్తు, మూడు బురుజుల ముద్ర కూడా తిప్పి చూపించింది. చిటికెడు ఉప్పుకు ఇంత వైభోగమా అని బయ్యమ్మకు నవ్వొచ్చింది. కూర నోట్లో పెట్టుకున్నాక ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. ఉడకబెట్టిన బీన్సులో ఉప్పన్నదే లేదు. ఎవరికి కావలసింది వాళ్ళు కలుపుకోవడం అక్కడి పద్ధతి.

అది కనిపెట్టి దొరసాని ఉప్పుగిన్నె ఆమె చేతికి అందించబోయింది. బయ్యమ్మ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

దొరసాని ముఖం పాలిపోయింది. "నా చేతి నుంచి తీసుకోకూడదా, బయ్యమ్మా?" అంది మెల్లగా.

ఆమె ఏమనుకుందో అర్థమై బయ్యమ్మ ప్రాణం విలవిలలాడింది. ఆ చేతి గంజి తాగి బతికిన మనిషి తను.

"అట్ల కాదమ్మా. ఉప్పు చేతికిస్తే ఇద్దరికీ జగడమొస్తాదంటారు మా పక్క. కింద పెట్టు, తీసుకుంటా. నీతో జగడం నాకు యాల?"

దొరసాని గిన్నెను బల్ల మీద పెట్టబోయి ఆగింది. "ఎల్లుండి వెళ్ళిపోతున్నాను. ఇంక మనిద్దరం ఎక్కడ జగడమాడతాం?"

బయ్యమ్మ ఆమె చేతిలోని గిన్నె వైపు చూసింది. నిజమే కదా. ఒకరినొకరు చూసుకోలేనంత దూరంలో ఉన్నవాళ్ళకు జగడమాడే భాగ్యం కూడా ఉండదు. ఆ మాట మనసుకు తట్టగానే అరచెయ్యి చాపింది.

"అయితే ఎయ్యమ్మా. జగడమాడేదానికైనా తిరిగి రావల్ల గదా నువ్వు."

దొరసాని చిన్న వెండి చెంచాతో కాస్త ఉప్పు ఆ చేతిలో వేసింది. చెంపల మీదికి కారుతున్న తన కన్నీళ్ళు తుడుచుకోను కూడా లేదు. బయ్యమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇంగా కొంచెం ఎయ్యి," అంది.