టేపు మాస్టారి అరువు రక్తం

కొలతల టేపు మెడలోంచి తీయడు కనక ఆ దర్జీకి టేపు మాస్టారని పేరు. నాలుగేళ్ళ కిందట ఆ టేపు ఆయన నడుము చుట్టూ తిరిగి రావడానికి చాలేది కాదు. తూకం నూట ముప్ఫై ఎనిమిది కిలోలు. కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని ఏడాదిన్నరలో ఎనభైకి దిగాడు. తన పాత ప్యాంటు కుట్లు విప్పి తనకో కొత్త ప్యాంటూ, మిగిలిన గుడ్డతో కుట్టుమిషనుకు ముసుగూ కుట్టుకున్నాడు.

ఆస్పత్రి నుంచి పంపించే రోజున నర్సమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది.

"డాక్టరు గారు చేసింది ఒక్క పూట పని మాస్టారూ. మిగతాదంతా మీదే. ఇక మీదట మీ ఒంటికి తిండిలోని సత్తువ పూర్తిగా అందదు. రోజూ విటమిన్ మాత్రలు, నెలనెలా బీ పన్నెండు ఇంజెక్షను, ఏడాదికోసారి రక్తపరీక్ష. బతికున్నంత కాలం."

మాస్టారు బుద్ధిమంతుడిలా తలూపాడు. లోపల మాత్రం ఆయన ఆలోచన వేరు. సైజు తగ్గించి కుట్టిచ్చిన చొక్కాని బతికున్నంత కాలం షాపుకు మోసుకొచ్చే వెర్రివాడెవడు? మోసుకొచ్చాడంటే ఆ కుట్టు పనికిమాలినదన్నమాట. డాక్టరు కుట్టుని అంత మాట అనడం మర్యాద కాదు. కాబట్టి డాక్టరు మీది గౌరవం కొద్దీ మందులు మానేద్దామనుకున్నాడు.

మొదటి ఏడాది మానడం కుదర్లేదు. భార్య దగ్గర నిలబడి మింగించేది. ఆవిడ స్కూలు బస్సు డ్రైవరు. నలభై మంది పిల్లల్ని ఒక్క అద్దంలోంచి చూసి అదుపులో పెట్టే మనిషి. ఆ తర్వాత ఆవిడకు తెల్లవారుజాము డ్యూటీ పడింది. మాత్ర బల్ల మీద పెట్టి వెళ్ళేది. మాస్టారు దాన్ని జేబులో వేసుకుని షాపుకెళ్ళి గుండీల డబ్బాలో వేసేవాడు. ఇంజెక్షను చేయించుకున్నారా అని ఆవిడ అడిగితే, జబ్బ రుద్దుకుంటూ "నొప్పిగానే ఉందే" అనేవాడు. అందులో అబద్ధమేం లేదు. రోజంతా కత్తెర పట్టే చెయ్యి నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది?

చిక్కల్లా రక్తపరీక్షతోనే వచ్చింది. పరగడుపున ఏడింటికి వీధి చివర ల్యాబుకు వెళ్ళాలి. ట్రయలు చూసుకునేవాళ్ళు షాపుకొచ్చేదీ ఆ వేళకే. షాపులో కాజాలూ ఇస్త్రీ చూసుకునే బావమరిది మాత్రం ఎనిమిదింటి దాకా ఖాళీ.

"నా పేరు చెప్పి నువ్వు ఇచ్చిరా" అన్నాడు మాస్టారు.

"నా రక్తం నీ లెక్కలోకి ఎలా వస్తుంది బావా?"

"మా మావగారింటి రక్తమేగా, పరాయిదా?"

రక్తమిచ్చినరోజు టిఫిను బావ ఖర్చని తేలాక బావమరిది ఇంకేం అడగలేదు. రిపోర్టు దివ్యంగా వచ్చింది. మరుసటేడూ అంతే. నర్సమ్మ మురిసిపోయి, నెలకోసారి కొత్త పేషెంట్లకు జరిగే మీటింగులో మాట్లాడమని మాస్టారిని పిలిచింది. మాస్టారు మైకు పట్టుకుని "నిష్ఠ ఉండాలండీ, నిష్ఠ" అని అరగంట వాయించాడు. చప్పట్లు కొట్టారు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లు తనవేనని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

ఈ ఏడాది వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకునే అది ఏ నూలో, ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పగలిగిన మనిషాయన. అలాంటిది ఇప్పుడు పట్టూ గోనెపట్టా ఒక్కలాగే తగులుతున్నాయి. ఒకరోజు తెల్ల చొక్కా మీద ఎర్రచుక్క కనిపిస్తే గానీ తన వేలిలో సూది దిగిందని తెలియలేదు. భయం పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పది వేళ్ళే ఆయన్ని నిలబెట్టాయి, అవి పోతే ఆయన దర్జీ కాడు. ఎవరికీ చెప్పలేదు. చేతులు జేబుల్లో పెట్టుకు తిరగడం అలవాటు చేసుకున్నాడు.

అప్పుడే ఈ ఏటి రిపోర్టు వచ్చింది. నర్సమ్మ నేరుగా మాస్టారి భార్యకు ఫోన్ చేసింది. విటమిన్లు భేషుగ్గా ఉన్నాయిట, షుగరు మాత్రం కొండెక్కి కూర్చుందిట. ఆ సాయంత్రం నుంచి మాస్టారి టీలో చక్కెర మాయమైంది. ఎదురుగా బావమరిది మూడు చెంచాలు వేసుకుని జుర్రుతూ, "పాపం బావకే రావాలా ఈ షుగరు" అని జాలిపడ్డాడు. మాస్టారు వాణ్ణి మింగేసేలా చూశాడే గానీ నోరు విప్పలేకపోయాడు.

ఆ శనివారం మీటింగుకు భార్య కూడా వస్తానంది. మొగుడి ఉపన్యాసం ఒక్కసారైనా వినాలిట. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెనక వరసలో కూర్చుంది. మాస్టారు మైకు ముందుకొచ్చేసరికి నర్సమ్మ కళ్ళు ఆయన చొక్కా మీద పడ్డాయి. ఒక గుండీ తప్పించి పెట్టుకున్నాడు.

"దర్జీ అయ్యుండి ఇదేంటి మాస్టారూ?" అని దగ్గరికొచ్చింది. ఆయన సర్దుకోబోయాడు. వేళ్ళకు గుండీ చిక్కలేదు. ఆవిడ మొహం మారింది. "కళ్ళు మూసుకోండి" అని ఆయన వేళ్ళ మధ్య ఏదో పెట్టింది. "ఇదేం గుడ్డ?"

మాస్టారు నలిపాడు. మళ్ళీ నలిపాడు. "సిల్కేమో" అన్నాడు.

కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ పెట్టింది గరుకు కాగితం ముక్క.

"ఎన్నాళ్ళనుంచి?" అంది నర్సమ్మ, గొంతు తగ్గించి. "బీ పన్నెండు తక్కువైతే ఇలా అవుతుంది. మీకేమో అది నిండుగా ఉంది. అంటే మెడలో నరం నొక్కుకుపోయిందేమో. స్కాన్ తీయిద్దాం. అవసరమైతే మెడకు ఆపరేషను."

మాస్టారు మెడ తడుముకున్నాడు. ఎదురుగా ముప్ఫై మంది కొత్త పేషెంట్లు ఆయన నిష్ఠ కోసం కాచుకుని ఉన్నారు. వెనక వరసలో భార్య గర్వంగా నవ్వుతోంది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే వేళ్ళు పోతాయి.

"ఆ రక్తం నాది కాదమ్మా" అన్నాడు. మైకు ఆపలేదని ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాడు. గుండీల డబ్బా, జబ్బ రుద్దుకోవడం, మావగారింటి రక్తం. భార్య నవ్వు ఎప్పుడో పోయింది. ఆవిడ మొగుడివైపు చూడలేదు. పక్కకు తిరిగి, "ఒరేయ్ తమ్ముడూ, ఆ బిస్కట్టు కింద పెట్టు" అంది.

హాలు గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేకపోయాడు.

"పోయిన స్పర్శ అంతా తిరిగొస్తుందని మాటివ్వలేను" అంది నర్సమ్మ. "ముందు రోజూ ఇంజెక్షను, తర్వాత వారానికొకటి, ఆపైన నెలనెలా. ఇంకో సంగతి. ఇకనుంచి ప్రతి మీటింగుకూ వచ్చి, ఇప్పుడు చెప్పిందే చెప్పాలి."

బావమరిది తన పేరుతోనే రక్తమిచ్చి, మందులు మొదలుపెట్టి, చప్పటి టీ తాగడం నేర్చుకున్నాడు. భార్య పది రోజులు మొగుడితో మాట్లాడలేదు. పదకొండో రోజు సాయంత్రం జేబురుమాలుతో ఆయన కళ్ళకు కట్టి, షాపులోంచి తెచ్చిన గుడ్డపేలికలు ఒక్కొక్కటే వేళ్ళకు అందించింది. అన్నీ తప్పులే చెప్పాడు. మర్నాడూ తప్పులే. ఆవిడ విసుక్కోలేదు, తిట్టనూ లేదు. ఆయనకు అదే ఎక్కువ బాధగా ఉండేది. రెండో నెలలో నూలునీ ఉన్నినీ విడదీశాడు. ఆ రాత్రి సంతోషంతో ఇద్దరూ సరిగ్గా నిద్రపోలేదు.

మూడో నెలలో ఒక సాయంత్రం ఆవిడ అందించినదాన్ని ఆయన చాలాసేపు తడిమాడు.

"ఇది గుడ్డ కాదు" అన్నాడు. "స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన చెయ్యి."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మాస్టారికి ఏడుపొచ్చింది.

"చిటికెన వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయే" అన్నాడు.

"ఉండనీండి. రేపు ఇంజెక్షనుంది. సెలవు పెట్టాను, నేనూ వస్తాను."

"ఇలా ఎన్నాళ్ళని వస్తావు?"

"మీరెన్నాళ్ళు పొడిపించుకుంటే అన్నాళ్ళు" అంది ఆవిడ.