సున్నా కాని ఖాళీ

నేను చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన అద్దంలోంచే అన్నాడు: "ఏడేళ్ళు ఇంట్లో ఉండి ఇప్పుడు మళ్ళీ జావాలో ప్రోగ్రాములు రాస్తానంటే ఎలా? మా టీంలో కుర్రాళ్ళకే చెమటలు పడుతున్నాయి." ఆయనగారి చొక్కాల మీద మాత్రం చెమట మరక కనబడదు, ఉతికేది నేను కాబట్టి. ఆ రోజు నా ట్రయల్ పనికి ఆఖరి రోజు. సాయంత్రానికి ప్రోగ్రాం నడిపి చూపిస్తే ఉద్యోగం, లేకపోతే "పోనీలే, సరదా తీరిందిగా" అనే అత్తగారి ఓదార్పు.

ఆఫీసంటే రెండు గదులు. ల్యాబుల కోసం రక్తపరీక్షల రిపోర్టులిచ్చే ప్రోగ్రాం రాస్తారక్కడ. నేను రాసిన ముక్క నడిపి చూశాను. ఇంకా రక్తం ఇవ్వనివాళ్ళందరికీ షుగర్ సున్నా అని వచ్చింది. సున్నా షుగరున్న మనిషి రిపోర్టు కోసం నడిచి రాడు. మామగారికి పొద్దున్నే వేలు గుచ్చి షుగర్ చూసేది నేనేగా, ఆ మాత్రం తెలుసు.

తప్పెక్కడుందో వెతికాను. షుగర్ అంకె ఉంచే గడిని 'ఇంట్' రకంగా పెట్టాను. ఇంట్ అంటే ప్రిమిటివ్, జావాలో మరీ సాదా రకం. అంకె నేరుగా అందులోనే ఉంటుంది, తేలిక, వేగం. కానీ "ఇంకా తెలియదు" అనడం దానికి చేతకాదు. క్లాసులో, అంటే ఒక్కో మనిషి వివరాలకి వేసుకున్న అచ్చులో, ఫీల్డుగా పెట్టి విలువ ఇవ్వకుండా ఊరుకుంటే తనంతట తనే సున్నా వేసేసుకుంటుంది. ఇంటీజర్ అనే రకం అలా కాదు, అది ఆబ్జెక్టు, విడిగా ఉండే వస్తువు లాంటిది. వేరియబుల్‌లో, అంటే మనం పేరు పెట్టుకున్న గడిలో, ఉండేది ఆ ఆబ్జెక్టు ఆచూకీ మాత్రమే. ఆబ్జెక్టే లేకపోతే నల్ అంటుంది, అంటే ఇక్కడ ఇంకా ఏమీ లేదని. ఎంత కోపమొచ్చిందో నాకు! తెలియనిదాన్ని సున్నా చేసేసే మనుషుల మధ్యే కదా ఇన్నాళ్ళూ కాపురం చేశాను. మీ ఆవిడేం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఏం చేయదండీ, ఇంట్లోనే" అనేవాడు మా ఆయన. పక్కనే నిలబడి నేనూ నవ్వేదాన్ని.

ఇంటీజర్‌గా మార్చాను. అందరి షుగర్ సగటు కట్టే చోట ప్రోగ్రాం ఢామ్మని ఆగిపోయింది. లేనిదాన్ని కూడమంటే ఏం కూడుతుంది పాపం? ముందు నల్ అవునో కాదో చూసి, అయితే ఆ మనిషిని సగటులోంచి తప్పించి, రిపోర్టులో "పరీక్ష జరగలేదు" అని వచ్చేలా రాశాను. నడిచింది. కుర్చీలోనే చిన్నపిల్లలా ఎగిరాను, సిగ్గేమీ పడలేదు.

సాయంత్రం మేనేజరుగారు అన్నీ నొక్కి చూశారు. "బాగుందమ్మా. సోమవారం నుంచి వచ్చేయండి," అంటూ లేచారు. "మధ్యలో ఏడేళ్ళ ఖాళీ ఉంది కదా, అనుభవం సున్నా కింద వేసుకుని కొత్తవాళ్ళ జీతమే ఇస్తాం. సరేనా?"

సరేనండీ అనడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"సున్నా కాదండీ, ఎవరూ కొలవలేదంతే," అన్నాను. "కూర్చోండి, చెప్తాను."