ఏకగ్రీవం చెడగొట్టిన కూర్మమ్మ

నరసన్నపేట నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో వచ్చే గొర్లివలసలో సర్పంచి పదవికి ఎన్నిక జరిగినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. నామినేషన్లకి ముందు పెద్దలు నలుగురూ నారాయణమూర్తి ఇంటి అరుగు మీద చేరేవారు. టీలు తాగి లేచేసరికి సర్పంచి ఎవరో తేలిపోయేది. తేలడానికి ఏముంది, నారాయణమూర్తే. ఒకసారి ఆడవాళ్ళకి రిజర్వేషను వస్తే ఆయన భార్య సుభద్రమ్మ పేరు రాశారు. ఆవిడ సంతకాలు పెట్టింది, ఆయన ఊరు నడిపాడు.

చెడ్డగా నడిపాడని ఎవరూ అనలేరు. వీధి దీపాలు వెలిగేవి. కాలవలో పూడిక తీయించేవాడు. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆయనే వెళ్ళి వాకిట్లో నిలబడేవాడు. ఏకగ్రీవమైన పంచాయతీకి ప్రభుత్వమిచ్చే ప్రోత్సాహకంతో నాలుగు వీధుల్లో సిమెంటు రోడ్లు కూడా పడ్డాయి. ఊరంతా తన మాట మీద ఉందని ఆయనకి లోలోపల గర్వం.

అలాంటిది, ఆ ఏడాది నామినేషన్ల ఆఖరి రోజున కూర్మమ్మ వెళ్ళి తన కాగితం ఇచ్చి వచ్చింది.

కూర్మమ్మ ఆయనకి మేనమామ కూతురు. ఊరి పక్కన పారే గెడ్డ అవతల, ఎత్తు మీదున్న మెట్టవీధిలో కాపురం. మొగుడితో కలిసి కూరగాయలు పండించి నరసన్నపేటలో అమ్ముకుంటుంది. సంగతి తెలిసిన సాయంత్రమే నారాయణమూర్తి గెడ్డ దాటి వాళ్ళింటికి వెళ్ళాడు. ఆవిడ వాకిట్లో కూర్చుని వంకాయలు గంపకెత్తుతోంది.

"ఏటే కూర్మమ్మా, నా మీద కోపమేటి?"

"కోపమెందుకు బావ? కూకో, మజ్జిగ తెస్తాను."

"మజ్జిగొద్దు గానీ, నాను సేసిన తప్పేటో సెప్పు."

"తప్పు సేసినావని కాదు. మా కూతురు ఝాన్సీకి ఓటు వచ్చి సానా కాలమైనాది. ఎమ్మెల్యేకి ఏసింది, ఎంపీకి ఏసింది. సర్పంచికి ఎలాగేస్తారమ్మా అని అదడిగితే నాకూ తెలీలేదు. వాళ్ళంతా ఎక్కడో ఉంటారు. రోజూ కనపడేవోడివి నువ్వు. నిన్ను మాత్రం మేం ఎన్నుకోలేదు."

"ఊరంతా నన్నే కావాలన్నారు కదే."

"అన్నారేమో. మా వీధిలో ఎవుల్నీ అడగలేదు."

ప్రోత్సాహకం పోతుందని పెద్దలు ఆవిడ మీద మండిపడ్డారు. ఆవిడ వెనక్కి తగ్గలేదు. నారాయణమూర్తి జీవితంలో మొదటిసారి గడప గడపకీ వెళ్ళి ఓటు అడగవలసి వచ్చింది. మొదట సిగ్గేసింది. మెట్టవీధిలో కొన్ని ఇళ్ళల్లోకి తాను ఎన్నడూ అడుగు పెట్టలేదని అప్పుడే ఆయనకి తెలిసింది. పోలింగు నాడు జనం కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. ఇంటికొచ్చాక భార్యని, "ఎవరికేసినావు?" అని అడిగితే, "సెప్పకూడదంట" అని సుభద్రమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయనే గెలిచాడు, బాగానే గెలిచాడు. మర్నాడు పొద్దున్నే కూర్మమ్మ వచ్చింది. ఓడిన మనిషిలా లేదు.

"గెలిసినావు, మంచిదే. గ్రామసభ ఎప్పుడు పెడతావు బావ?"

గ్రామసభ అంటే అప్పటిదాకా బంట్రోతు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తెచ్చేవాడు, అంతే. ఆవిడ అడిగాక తప్పలేదు. దండోరా వేయించి బడి వరండాలో సభ పెట్టాడు. మంచినీళ్ళ ట్యాంకు బడి పక్కన కడుతున్నామని చెప్పి కూర్చోబోయాడు. కూర్మమ్మ లేచింది.

"మెట్టవీధిలో ఎందుకు కట్టకూడదు?"

"అక్కడ బోరేసినా నీరు పడదు."

"పడదని ఎవులు సెప్పినారు?"

వరండా అంతా ఆయన వైపు చూసింది. ఎవరు చెప్పారో ఆయనకే గుర్తు లేదు. చిన్నప్పటినుంచీ అందరూ అనుకునే మాట అది. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ నోరు మూయించాలన్న పంతంతోనే వారం తిరక్కుండా ఇంజనీరుని తీసుకొచ్చి మెట్టవీధిలో పరీక్ష చేయించాడు. నిజంగానే నీరు లేదు. నారాయణమూర్తికి ప్రాణం లేచివచ్చింది. కానీ ఆ ఇంజనీరు అటూ ఇటూ చూసి ఇంకో మాట అన్నాడు. బడి దగ్గర ట్యాంకు కడితే, మీరు అనుకున్న పైపుతో ఈ ఎత్తుకి చుక్క ఎక్కదు. వేరే లైను, పెద్ద మోటారు కావాలి.

తిరిగొస్తూ గెడ్డ దగ్గర ఆయన కాసేపు ఆగిపోయాడు. కూర్మమ్మ అడగకపోతే తాను ఇటు వచ్చేవాడే కాదు. ట్యాంకు కట్టేవాడు, కొబ్బరికాయ కొట్టేవాడు, సగం ఊరికి నీళ్ళు రాక వేసవిలో తిట్లు తినేవాడు.

తర్వాతి సభలో ఆ సంగతి ఆయనే చెప్పాడు. దాచలేదు.

"బోరు సంగతిలో నాదే తప్పు," అంది కూర్మమ్మ. "మరా లైను ముందు మా వీధికే ఎయ్యాల."

అలాగే వేశారు.

ఆ తర్వాత ప్రతి సభకీ ఆవిడ వచ్చేది. అన్నీ కాదనేది కాదు. నచ్చినప్పుడు ముందు చెయ్యెత్తేదీ ఆవిడే. కొన్నిసార్లు అర్థం లేని గొడవ కూడా చేసేది. అంగన్‌వాడీ గోడకి వేసే రంగు మీద ఒక పూటంతా వాదించింది. అయినా నారాయణమూర్తికి కొత్త అలవాటు పట్టుకుంది. ఏ పని తలపెట్టినా, "కూర్మమ్మ అడిగితే ఏటి సెప్పాల?" అని ముందు తనని తానే అడిగేవాడు. జవాబు దొరకని పని చేసేవాడు కాదు. అరుగు మీద పెద్దలు ఇన్నేళ్ళూ ఆయనకి ఎదురు చెప్పలేదు. అది తనకి చేసిన మేలు కాదని ఆయనకి మెల్లగా అర్థమైంది.

మళ్ళీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. మండలంలో పెత్తనం చేసే గిరిబాబు కారులో దిగాడు.

"ఈసారన్నా ఏకగ్రీవం చెయ్యండి మావ. ఆవిడ పశువుల షెడ్డు బిల్లు మీ చేతిలో ఉంది. ఆపండి, ఆవిడే దారికొస్తాది."

"షెడ్డు ఆవుకిచ్చినాం. ఆవు నా మీద పోటీకి రాలేదు," అన్నాడు నారాయణమూర్తి. బిల్లు ఆ రోజే పంపించేశాడు.

గిరిబాబు నవ్వి ఇంకో దారి చూపించాడు. చెరి రెండున్నరేళ్ళు పంచుకోండి, గొడవ లేదు, ప్రోత్సాహకమూ వస్తుంది అన్నాడు. ఈ మాట నారాయణమూర్తికి నచ్చింది. ఆవిడకి ఆ గౌరవం దక్కాలని మనసులో ఎప్పటినుంచో ఉంది. సంతోషంగా గెడ్డ దాటి వెళ్ళి చెప్పాడు.

కూర్మమ్మ మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"మొదటి సగం నువ్వే తీసుకో," అన్నాడాయన. "మనస్ఫూర్తిగా సెప్తన్నాను."

"నాకు తెలుసు బావ. నువ్ మంచోడివి. కానీ మనిద్దరం పంచేసుకుంటే ఊరికేటి మిగులుతాది? నువ్ సేసినప్పుడు నాను అడగను, నాను సేసినప్పుడు నువ్ అడగవు. మళ్ళీ ఆ అరుగే కదా."

ఆయన లేచి గెడ్డ దాటాడు. ఇంటికొచ్చి భార్యతో, "దానికి పదవి మీద ఆశ లేదే. పదవిలో ఉన్నోళ్ళకి కూడా ఇంత దమ్ముండదు," అన్నాడు.

ఇద్దరూ నిలబడ్డారు. ఈసారి లెక్కింపు అయ్యేదాకా ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. నారాయణమూర్తి అతి తక్కువ ఓట్లతో బయటపడ్డాడు. కూర్మమ్మ రెండోసారీ ఓడింది. బడి గేటు దగ్గర అందరి ముందూ ఆయన ఆవిడకి దండం పెట్టాడు. "ఏటిది బావ, పెద్దోడివి," అని ఆవిడ సిగ్గుపడి పక్కకి తిరిగింది.

కొత్త పాలకవర్గం మొదటి సభకి వరండా చాలక జనం మెట్ల మీదా కూర్చున్నారు. కూర్మమ్మ ఆ రోజు నోరు విప్పకముందే వెనక గోడ దగ్గర గంగులు లేచాడు. మెట్టవీధి కూలీ అతను. ఏ సభలోనూ ఒక్క మాట మాట్లాడి ఎరగడు.

"సర్పంచి గారూ, శ్మశానం దారి ఇరుకైపోనాది. మీ సేను గట్టు ముందుకొచ్చినాది. మా అయ్యని మోసుకెళ్ళినప్పుడు ఇద్దరం పక్కపక్కన నడవలేకపోనాం."

గంగులు కూర్చోలేదు, జవాబు కోసం నిలబడే ఉన్నాడు.

నారాయణమూర్తి కూర్మమ్మ వైపు చూశాడు, ఆవిడే నేర్పి పంపిందేమోనని. ఆవిడ నోరు తెరుచుకుని గంగులునే చూస్తోంది. ఆవిడకీ తెలియదు.

"నిజమే," అన్నాడు నారాయణమూర్తి. "ఏటేటా దున్నినప్పుడల్లా గట్టు జరుగుతోంది. నాకు తెలుసు, ఊరుకున్నాను. సర్వేయరు వచ్చినప్పుడు నువ్వూ వచ్చి దగ్గరుండి కొలిపించు గంగులూ."

కార్యదర్శి కలం పట్టుకుని ఆయన వైపు సందేహంగా చూశాడు.

"రాయండి. గంగులు అడిగినాడని రాయండి."

ఉభాలు మొదలై వరి నాట్లు పడకముందే గట్టు వెనక్కి జరిగింది. అడ్డుగా పెరిగిన కంప నారాయణమూర్తే కొట్టించాడు. ఆ తర్వాతి సభలో మాట్లాడతామని ముందే పేర్లు చెప్పుకున్నవాళ్ళు ఎక్కువైపోయారు. చివరికి కూర్మమ్మకి మాట్లాడే వంతు రాలేదు. దానికి ఆవిడ కోప్పడింది కూడా.