చిమ్మినా దొరకని పిన్ను

రూపశ్రీ షెడ్డు రెండోసారి చిమ్మింది. చేటలో తుప్పు బోల్టులు, బీడీ ముక్కలు, నూనె తాగిన మట్టి, అన్నీ ఉన్నాయి. పిన్ను లేదు.

మెకానిక్ ధనశేఖర్ చెవిని గురించి వడమాలపేటలో కతలు కతలుగా చెప్పుకుంటారు. పుత్తూరులో లారీ దగ్గితే ఇక్కడ ఆయనకు సంగటి ముద్ద మింగుడు పడదట. కత నిజమే గానీ, చెవి మాత్రం పెళ్ళాం రూపశ్రీది. టీ గ్లాసు అందిస్తూ ఆమె గొణుగుతుంది, ఆయన మీసం దువ్వి ప్రకటిస్తాడు. పన్నెండేళ్ళుగా ఇదే ఏర్పాటు. నిన్న నగరి గంగాధరం కారు గలగలమన్నప్పుడూ అంతే. టైమింగ్ చైను వదులైందని, దాన్ని బిగువుగా పట్టే టెన్షనరు పోయిందని గొణిగింది ఆమే.

కొత్త టెన్షనరును ఒక సన్నని పిన్ను అణచిపెట్టి ఉంచుతుంది. బిగించాక దాన్ని లాగేస్తేనే అది చైనును పట్టుకుంటుంది. లాగిన పిన్నును ధనశేఖర్ నేలకేసి కొడతాడు. ఏరి ఊరగాయ సీసాలో వేసేది ఆమె. ఈరోజు సీసాలో కొత్తది పడలేదు. ఆయనేమో ఇంజను కవరు బిగించేసి, కారు సీట్లో కూర్చున్నాడు. బయట గంగాధరం ముసలి తల్లితో, పిల్లలతో తిరుమల కొండకు బయలుదేరి నిలబడి ఉన్నాడు.

పిన్ను లోపలే ఉండిపోయుంటే, స్టార్టు చేయగానే వదులు చైను పళ్ళు దాటుతుంది, ఇంజను లోపల్లోపలే నుజ్జవుతుంది. ఒకవేళ పిన్ను చెప్పుకు అంటుకుని యాడికన్నా పోయుంటే? ఉత్తపుణ్యానికి కవరు విప్పించిందని ఊరి నవ్వులు జన్మంతా మోయాలి. అయినా కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసుకుంది.

“పిన్ను యాడ?”

“తీసేసినాలే. తాళం ఇటియ్యి.”

“కవరు విప్పి సూడు.”

“రెండు గంటల పని. కసువు చిమ్మేదానివి, కసువు చిమ్ముకోపో.”

“చిమ్మినాను గాబట్టే అడుగుతా ఉండా. ఈడ పడలేదు.”

గంగాధరం దగ్గరికొచ్చాడు. మనిషి ముందర ధనశేఖర్ కాదనలేకపోయాడు. కవరు ఊడింది. పిన్ను పెట్టినచోటే మెరుస్తూ ఉంది. లాగితే టెన్షనరు టక్కుమని చైనును పట్టింది.

“ఏమైందప్పా?”

“ఏం లేదన్నా. ఆఖర్న ఒకతూరి సరిసూసుకునేది నా అలవాటు,” అన్నాడు ధనశేఖర్, తాళం కోసం చెయ్యి చాపుతూ.

రూపశ్రీ ఆ చేతిని దాటుకుని పోయి, తాళం గంగాధరం చేతిలో పెట్టింది.

“పిన్ను మర్సిపోయినాడన్నా. నేను సూసినా. మళ్ళా సప్పుడొస్తే నన్నడుగు.”